హిందూపుర నామము: సింధువు, సైంధవము, ఉడుము

అనంతపుర మండలపు పీఠభూమిలోని ఊరిపేర్లను పరిశీలించువారికి మొదట తోచునది నీటి ప్రసక్తి. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ నేలలో సముద్రములకును సాగరములకును కొదవ లేదు. 1364 ప్రాంతమున బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు పండమేరు వాగునకు కట్ట వేయించి చెరువు నిర్మింపగా, ఆ కట్టకు ఒక కొనను బుక్కరాయసముద్రము, మరొక కొనను అనంతసాగరము వెలసినవనియు, ఆ రెండవదే అనంతపురమైనదనియు మండల చరిత్రకారులు చెప్పుదురు. నీరు కరవైన చోట చెరువును సముద్రమనుట కేవల అతిశయోక్తి కాదు. కట్టించినవాని పేరు నిలుచుటకు అంతకంటె గట్టి చోటు ఈ ప్రాంతమున లేదు. చెరువుల తరువాత కొండలు. పడగ విప్పిన పామును బోలిన పెద్దబండ కల కొండను బట్టి ఉరగకొండ ఉరవకొండ అయినదందురు. పెనుగొండకు పండితులు ఘనగిరి యని సంస్కృతరూపము కల్పించిరి.

హిందూపురము ఈ వరుసలో ఇమడదు. దాని పేరులో చెరువు లేదు, కొండ లేదు, చెట్టు లేదు, దైవము లేదు. 2022 ఏప్రిల్ 4 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఈ పట్టణపు పేరును వినినంతనే ‘హిందువుల పురము’ అని అర్థము చెప్పుట వాడుక. విగ్రహవాక్యము సులభము గనుక ఆ అర్థము విద్యార్థుల వ్యాసములలోను, యాత్రికుల కరపత్రములలోను చెల్లుబాటగుచున్నది. కాని ఊరిపేర్ల విషయమున వ్యాకరణము ఒప్పుకొన్నంత మాత్రమున చరిత్ర ఒప్పుకొనదు. సమీపమున నున్న లేపాక్షి ఇందుకు నిదర్శనము. ‘లే, పక్షీ’ అని శ్రీరాముడు జటాయువును లేపెనను కథ రమ్యమైనదే. అయినను అది పేరు పుట్టిన తరువాత పేరుకై పుట్టిన కథ.

హిందూపురమును గుత్తి పాలకుడైన మురారిరావు ఘోర్పడే స్థాపించి తన తండ్రి పేర దానిని పిలిచెనను సంప్రదాయము మండల చరిత్రలలో స్థిరపడియున్నది. ఇందొక చిక్కు కలదు. మురారిరావు తండ్రి పేరు సిద్ధోజీ. ‘హిందూరావు’ అనునది ఆయన పేరు కాదు, బిరుదు. ఈ భేదమును గమనింపక కొందరు హిందోజీ అను వ్యక్తిని కల్పించుట కూడ కలదు. బిరుదు చరిత్ర తెలిసినచో ఆ కల్పన అవసరము లేదు.

1689లో శంభాజీ మహారాజు మొగలులకు చిక్కినప్పుడు సంగమేశ్వరమున పోరాడి మరణించిన మహలోజీ ఘోర్పడేకు సంతాజీ, బహిర్జీ, మాలోజీ అని మువ్వురు కుమారులు. పిమ్మట ఈ సోదరులు ఔరంగజేబు శిబిరముపై సాహసించి చేసిన దాడికి మెచ్చి ఛత్రపతి రాజారాముడు మువ్వురికి బిరుదములిచ్చెను. సంతాజీకి ‘మమ్లకత్ మదార్’, మాలోజీకి ‘అమీర్ ఉల్ ఉమ్రా’, బహిర్జీకి ‘హిందూరావు’. మొదటి రెండును అచ్చమైన పారసీక దర్బారు మాటలు. మూడవది సగము పారసీకము, సగము దేశీయము. బహిర్జీ కుమారుడని వంశచరిత్రలు చెప్పు సిద్ధోజీ ఆ బిరుదునకు వారసుడై గుత్తి, సండూరు ప్రాంతములను చేజిక్కించుకొనెను. ఆయన కుమారుడు మురారిరావు. అనగా ఊరు తండ్రి బిరుదుపై వెలసినది. ఆ బిరుదు వంశమునకంతకును చెందినది. సండూరు ఘోర్పడే రాజులు 1949లో తమ సంస్థానము మద్రాసు రాష్ట్రమున విలీనమగు వరకు హిందూరావు, మమ్లకత్ మదార్, సేనాపతి అను మూడింటిని తమ పేర్లకు తగిలించుకొనుచునే ఉండిరి.

ఇచట పరిశోధకులు ఒక ప్రమాదమునుండి తప్పించుకొనవలసియున్నది. ఢిల్లీ గుట్టపై నున్న హిందూరావు భవనము 1857 పోరాటములో పేరుకెక్కినది. నేటికిని అచటి ఆసుపత్రి ఆ పేరుతోనే పిలువబడుచున్నది. ఆ హిందూరావు ఘాట్గే వంశీయుడు, గ్వాలియరు సింధియా రాణి బాయిజాబాయికి సోదరుడు. ఘోర్పడేలకును ఆయనకును బిరుదసామ్యమే కాని వంశసంబంధము లేదు. చిత్రమేమనగా, ‘సింధియా’ అను ఆ రాణి ఇంటిపేరు కూడ వినుటకు సింధుశబ్దభవమువలె తోచును. అది మరాఠీ ‘శిందే’కు ఆంగ్లేయులు కల్పించిన రూపము మాత్రమే.

ఇక బిరుదులోని మొదటి పదము. వైదిక ‘సింధు’ శబ్దమునకు ఇరానీయ భాషలలో సకారము హకారమైనది. సోమమునకు హవోమ, అసురునకు అహుర, సప్తసింధువులకు హప్తహెందు ఎట్లో ఇదియు అట్లే. క్రీ.పూ. ఆరు, ఐదు శతాబ్దుల సంధిలో పాలించిన దరియవుషుని శాసనములలో ‘హిందు’ అనునది ఒక రాష్ట్రము పేరు. మతము పేరు కాదు. గ్రీకులు హకారమును గూడ విడిచి ఇండోస్ అనిరి. అరబ్బులు హింద్ అనిరి. ఒకే నది పేరు సంస్కృతమున సకారముతోను, పారసీకమున హకారముతోను, యవనభాషలో అచ్చుతోను మొదలగుట భాషాచరిత్ర బోధించువారికి మంచి ఉదాహరణము.

సింధుశబ్దపు సంతానము మన భాషలోనే మరింత విచిత్రమైనది. అమరసింహుడు ఈ పదమునకు దేశము, నదవిశేషము, సముద్రము, నది అని అర్థములు చెప్పి లింగభేదమును గూడ చూపెను. ఆ దేశమున పుట్టినది సైంధవము. అది గుర్రమును కావచ్చు, ఉప్పును కావచ్చు. భోజనవేళ సైంధవము తెమ్మన్నచో ఉప్పు తేవలెననియు, ప్రయాణవేళ అదే మాటకు గుర్రమును తేవలెననియు శబ్దార్థనిర్ణయ ప్రకరణములలో చెప్పని గురువు లేడు. ఆ దేశపు రాజు సైంధవుడు, భారతములోని జయద్రథుడు. పద్మవ్యూహద్వారమున పాండవులను అడ్డగించిన ఆ ఒక్క పనిచే ఆయన పేరు తెలుగు పలుకుబడిలో ప్రతి పనికిని అడ్డుపడువానికి పర్యాయపదమైనది. దేశము, జంతువు, పురుషుడు ముగ్గురును ఒకే ప్రాతిపదికనుండి పుట్టుటకు ఇంతకంటె నిండైన ఉదాహరణము దొరకుట అరుదు. తెలుగు కవులు సైంధవమును ఏ గుర్రమునకైనను వాడిరి. దేశవాచ్యార్థము మరుగున పడినది. విజయనగర కాలమున గుర్రములు సింధునుండి గాక అరబ్బు, పారసీక దేశములనుండి ఓడలపై వచ్చుచుండినను వాటిపేరు సైంధవములే.

సకారరూపము కావ్యములలో గుర్రములతో నిలువగా, హకారరూపము రాజబిరుదములలో చేరినది. మరాఠులకంటె మూడు వందల ఏండ్లకు ముందే, 14వ శతాబ్ది మధ్యభాగమున, సంగమవంశపు రాజుల శాసనములలో ‘హిందూరాయసురత్రాణ’ అను బిరుదము కనిపించుచున్నది. సురత్రాణ శబ్దము సుల్తానునకు సంస్కృత వేషము. ‘హిందూరాయలలో సుల్తాను’ అని దాని తాత్పర్యము. ఈ బిరుదమును ఫిలిప్ వాగనర్ 1996లో విపులముగ చర్చించి, విజయనగర ప్రభువులు వేషభాషలలో నాటి సుల్తానుల రాజమర్యాదలను స్వీకరించిన తీరునకు దీనిని సాక్ష్యముగ చూపెను. రాయ, రావు శబ్దములు రెండును రాజశబ్దభవములే గనుక హిందూరాయ, హిందూరావు అను సమాసములు పదములలో ఒకటే. అంతమాత్రమున మరాఠీ బిరుదు విజయనగర బిరుదునుండి దిగివచ్చెనని చెప్పరాదు. రెండు కాలములందును పొరుగు సుల్తానుల భాష ‘హిందు’ శబ్దమును రాజసభలలో నాణెమువలె చెలామణి చేసినది. ఇరువురును దానిని తీసికొని వాడుకొనిరి. పెనుగొండను ఏలిన బిరుదమునకు సమీపముననే అదే పదముతో ఒక ఊరు వెలయుట మాత్రము చెప్పుకొనదగిన సంఘటనము.

దేశనామము మనుష్యులకే గాక పక్షులకును తగులుట లోకమంతట కలదు. అమెరికా ఖండమున పుట్టిన ఒక పెద్దకోడిని ఆంగ్లేయులు టర్కీ అనిరి. మనమును టర్కీ కోడి యనుచున్నాము. టర్కీవారు మాత్రము దానిని ‘హిందీ’ అందురు, ఇండియానుండి వచ్చినదని. ఫ్రెంచివారి ‘దాంద్’ అను పేరునకును ఇండియా కోడి యనియే అర్థము. ఆ పక్షికి ఈ రెండు దేశములతోను పుట్టుసంబంధము లేదు. ఆఫ్రికానుండి వచ్చిన గినీకోడి మన పల్లెలలో గిన్నెకోడియై వంటపాత్రలలో కలిసిపోయినది. పేరు తెచ్చినవాడు ఏ దారిని వచ్చెనో పేరు చెప్పును గాని, పేరుగల ప్రాణి ఎచట పుట్టెనో చెప్పదు.

హిందూపురము వెనుక మరొక జంతువు కలదు. అది ఊరిపేరులో గాక ఊరి స్థాపకుని ఇంటిపేరులో దాగియున్నది. మరాఠీలో ఘోర్పడ్ అనగా ఉడుము, సంస్కృతమున గోధ. పూర్వము ఒక వీరుడు ఉడుము నడుమునకు త్రాడు కట్టి కోటగోడపై విడిచి, అది రాతిని కరచి పట్టుకొనగా త్రాడు ఆధారముగ పైకెక్కి కోటను జయించెననియు, నాటినుండి ఆయన సంతతి ఘోర్పడేలైరనియు వంశగాథ. ముధోలు శాఖవారు ఈ ఘనకార్యమును 15వ శతాబ్దిలో బహమనీల ఖేల్నా ముట్టడికి ముడిపెట్టి ఫర్మానాలను చూపుదురు. ఆ పత్రముల ప్రామాణ్యముపై చరిత్రకారులలో వాదము కలదు. 1670లో తానాజీ సింహగడమును ఎక్కిన కథలోను ఇదే ఉడుము యశవంతి యను పేరుతో మరల కనబడుట చూడగా, ఇది ఒక వంశమునకే చెందిన చరిత్ర గాక దుర్గప్రాంతముల జనులలో తిరుగాడు కథాంశమని తోచును. మనిషి బరువును ఉడుము మోయగలదా యను ప్రశ్న సహజమే. కాని దాని పట్టును గూర్చి తెలుగువానికి సాక్ష్యము అక్కరలేదు. ‘ఉడుంపట్టు’ మన నిత్యవ్యవహారములోనే ఉన్నది. సంస్కృతమున గోధాశబ్దమునకు వింటినారి దెబ్బ తగులకుండ ముంజేతికి కట్టుకొను తోలుపట్టీ యనియు అర్థము కలదు. ఒక యోధవంశమునకు ఆ అర్థమైనను తగును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఉడుమునకు అత్యున్నత రక్షణ కల్పించినది.

ముధోలు ఘోర్పడేల ఊరిపేరు మరొక జంతువునకు తగిలినది. సన్నని నడుమునకును పరుగునకును ప్రసిద్ధమైన ముధోలు వేటకుక్క ఆ సంస్థానపు పేరనే చెలామణిలో నున్నది. 2005లో భారత తపాలాశాఖ దానిపై బిళ్ల వెలువరించినది. తెలంగాణమునందలి ముధోలు వేరు. పేరు చూచి ఆ కుక్కను నిర్మల్ జిల్లాకు తీసికొనిపోరాదు.

మురారిరావు జీవితము ఈ పీఠభూమి చరిత్రలో ఒక పెద్ద ఘట్టము. 1741లో మరాఠులు తిరుచిరాపల్లిని పట్టినప్పుడు 14,000 సైన్యముతో ఆయనను అచట నిలిపిరి. 1743లో నిజాం ఉల్ ముల్కునకు దానిని విడిచిన పిమ్మట గుత్తి ఆయనకు స్థిరమైన నెలవైనది. 1751లో ఆర్కాటు ముట్టడివేళ క్లైవునకు సాయముగ కదలినది ఆయన ఆశ్వికసైన్యమే. గుత్తి కొండ అంచున సున్నపు నునుపుతో మెరయు చిన్న మండపమును ఇప్పటికిని మురారిరావు గద్దె యని చూపుదురు. అచట కూర్చుండి చూచినచో పెన్న పరీవాహపు మైదానము చాలదూరము వరకు కానవచ్చును.

1775లో హైదరాలీ ఆ కోటను ముట్టడించెను. రాతికొండపై తొలిచిన గుంటలలో నిలిచిన వాననీరే దండునకు ఆధారము. నెలలు గడచునప్పటికి ఆ నీరు తరిగినది. సంధిమాటలు సాగుచుండగా కోటలో నీరు అడుగంటెనను సంగతి హైదరు చెవిని పడినది. ఆయన షరతులను బిగించి కూర్చుండెను. 1776లో గుత్తి లొంగినది. పూర్వులు ఉడుము సాయమున కోట నెక్కిరని చెప్పుకొను వంశపు దుర్గమును శత్రువు ఎక్కవలసిన పని లేకపోయినది. మురారిరావును మైసూరు రాజ్యములోని కబ్బాళదుర్గమునకు బందీగ కొనిపోయిరి. ఆయన అచటనే మరణించెను. తండ్రి బిరుదుపై ఆయన వెలయించిన ఊరు పెన్న తీరప్రాంతమున సంతలతో పెరిగినది. నదీవాచకమైన సింధువు ఆ ఊరి పేరులో నున్నది. ఏటి ఇసుకలో మాత్రము సంవత్సరములో చాల నెలలు నీరు కానరాదు.