ఇంటిలో సంగీతము వినుట: సబ్ వూఫరును, మంచి ముద్రణమును ఎన్నుకొను విధము

గడచిన క్రిస్మసు సెలవులలో మా పూర్వవిద్యార్థి యొకడు మమ్ము చూడ వచ్చెను. అతడు రామగుండము ప్రాంతమున ఉద్యోగమున ప్రవేశించి, జీతమునుండి నెలనెల కొంత మిగిల్చి, తల్లికి కీర్తనలు వినిపింపవలెనను కోరికతో ఒక సంగీతయంత్రమును, దానితోగూడ ఒక పెద్ద సబ్ వూఫరును కొనెను. ఆ తల్లి రెండు దినములు విని, "దడదడ మంచిగనే ఉన్నది బిడ్డా, పాటనే ఇనవడ్తలేదు" అనెనట. అతడు నవ్వుచునే ఈ మాట చెప్పెను గాని, ఆ నవ్వులో కొంత చిన్నబోవుటయు కలదు. ఆరు నెలల మిగులు ఆ పెట్టెలో నున్నది గదా!

మేమును పూర్వమిట్టి పొరపాటు చేసినవారమే. కావున మా మంథని విద్యార్థులును, వారి తలిదండ్రులును తమ ధనమును వ్యర్థపరచుకొనకుండుటకై, ఈ విషయమును గూర్చి మేము చదివి, విని, చేసి నేర్చుకొనిన సంగతులను ఇచట సంగ్రహముగ వ్రాయుచున్నాము.

ధ్వని యనగా గాలియొక్క కంపనమని విద్యార్థులు క్రింది తరగతులలోనే చదివియున్నారు. మనుష్యుని చెవి సెకనునకు ఇంచుమించు 20 మొదలుకొని 20,000 వరకు గల కంపనములను గ్రహింపగలదు. వయస్సు మీరిన కొలది పైమెట్టు తగ్గును. కంపనములు తక్కువయైన కొలది ధ్వని మంద్రమగును; ఎక్కువయైన కొలది తారమగును. పియానోలో మిక్కిలి క్రింది స్వరము 27.5 కంపనములు కలది. గొప్ప దేవాలయములలోని పైపు ఆర్గనునందు 32 అడుగుల గొట్టము 16 కంపనములను పలుకును. దానిని చెవితో వినుటకంటె దేహముతో తెలిసికొనుట అధికము. పురుషుని సంభాషణ స్వరమో, 100 కంపనములకు కొంచె మటునిటుగ మొదలగును.

ఈ యొక్క సంగతిని బట్టియే మొదటి ప్రశ్నకు జవాబు దొరకును. మంథనిని పూర్వులు మంత్రపురి యనిరి. ఇది తరతరములుగా వేదపఠనమునకు పేరొందిన యూరు. ఉదాత్తానుదాత్తములు తప్పక పలుకు ఘనాపాఠి కంఠమునకు గాని, ఆదివారపు ప్రసంగమునకు గాని, వార్తలకు గాని సబ్ వూఫరు అక్కరలేదు. రెండు మంచి స్పీకర్లు చాలును. మృదంగము, డోలు, డప్పు, ఆర్గను, నేటి చలనచిత్ర సంగీతము వినగోరువారికి మాత్రమే ఆ మూడవ పెట్టె ప్రయోజనకారి.

పేరు విషయ మొక మాట. ఆంగ్లమున కుక్క మొరుగును అనుకరించి మంద్రధ్వని స్పీకరునకు వూఫరనియు, పిట్ట కూతను అనుకరించి తారధ్వని స్పీకరునకు ట్వీటరనియు పేళ్లు పెట్టిరి. వూఫరునకును క్రింది ధ్వనులను పలుకునది సబ్ వూఫరు. 1974లో అమెరికాలో భూకంపమును గూర్చిన యొక చలనచిత్రమును ప్రదర్శించునపుడు, ప్రేక్షకుల ఆసనములు అదరునట్లు సెన్సరౌండు అను ఏర్పాటు చేసి పెద్ద పెద్ద మంద్రధ్వని పెట్టెలను పెట్టిరి. తరువాత ఈ తలంపు క్రమముగా ఇండ్లలోనికిని వచ్చెను.

చిన్న స్పీకరు మంద్రస్వరము నేల పలుకజాలదు? ధ్వని యంతే గట్టిగా నుండవలెనన్న, కంపనసంఖ్య సగమైనపుడు స్పీకరు పొర నాలుగింతలు ముందువెనుకల కదలవలెను. చేతి విసనకఱ్ఱతో గదిలోని గాలి నంతయు కదల్ప నెంచుట యెట్టిదో, అరచేతి వెడల్పు స్పీకరుతో 40 కంపనములు పలికింప నెంచుటయు నట్టిదే. అందుచేత పొర వెడల్పు ముఖ్యము. 10 అంగుళముల పొర వైశాల్యము 5 అంగుళముల దానికి రెట్టింపు గాదు, నాలుగింతలని గణితము చదివినవారికి చెప్పనక్కరలేదు. మన సామాన్య గృహములలోని 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గల గదికి 8 లేక 10 అంగుళముల సబ్ వూఫరు చాలును. అంతకు మించినది గదిని నింపదు, గదిని ముంచును.

పెట్టెలు ముఖ్యముగ రెండు విధములు. మొదటిది అన్ని వైపుల మూయబడిన పెట్టె. దీనిని 1954లో ఎడ్గార్ విల్చర్ అను నతడు చిన్న పరిమాణమున సాధించి చూపెను. లోపలి గాలియే స్ప్రింగువలె పనిచేయును. ఇందు మంద్రస్వరము క్రిందికి పోయిన కొలది మెల్లమెల్లగా తగ్గును. మృదంగపు దెబ్బ పడినది పడినట్లే ఆగును. రెండవది రంధ్రము గల పెట్టె. కూజా మూతియందు ఊదిన బుస్సుమని పలుకునట్లు, ఆ రంధ్రములోని గాలి యొక నిర్ణీత స్వరమునొద్ద స్పీకరునకు తోడ్పడును. కావున కొలది శక్తితో గట్టిధ్వని వచ్చును. అయితే ఆ స్వరమునకు క్రింద ధ్వని యొక్కసారిగ పడిపోవును. పెట్టె నిర్మాణము చక్కగా లేనిచో ప్రతి దెబ్బకును తోక మిగులును. సంగీతమునకు మూసిన పెట్టెను, చలనచిత్రములకు రంధ్రపు పెట్టెను పలువురు మెచ్చుకొందురు. చక్కగా చేసినచో రెండును మంచివే.

బజారులో పెట్టెలపై వేయి వాట్లు, రెండువేల వాట్లు అని పెద్ద అక్షరములతో అచ్చువేయుదురు. పి.ఎం.పి.ఓ. అను గుర్తుతో వ్రాసిన సంఖ్యను లెక్కింపనే వద్దు. దానికి ఏ నిలుకడయైన కొలతయు లేదు. ఆర్.ఎం.ఎస్. అను వాట్లను మాత్రమే అడుగవలెను. మరియు వాట్లు రెట్టింపైన ధ్వని రెట్టింపు కాదు. మూడు డెసిబెళ్లే పెరుగును. చెవికి రెండింతలుగా తోచవలెనన్న, పదింతల శక్తి కావలయును. కావున 50 వాట్ల పెట్టెకును 100 వాట్ల పెట్టెకును గల భేదము ధరయందు కనబడినంతగా చెవియందు కనబడదు.

ఇక గది సంగతి. కొన్నవారిలో పలువురు చెడగొట్టుకొను భాగమిదియే. 34 కంపనముల తరంగము పొడవు పది మీటర్లు. మన గదికంటె పెద్దది. అది గోడకు తగిలి తిరిగివచ్చి, వచ్చుచున్న తరంగముతో కలియును. 12 అడుగుల పొడవు గల గదిలో ఇంచుమించు 47 కంపనములయొద్దను, 10 అడుగుల వెడల్పున 56 కంపనములయొద్దను నిలుకడ తరంగ మేర్పడును. ఆ స్వరము గోడలయొద్ద గర్జించును. గది నడుమ మాయమగును. పెట్టెను మూలయందు పెట్టినచో గర్జన మిక్కిలి యధికమగును. రాతిగోడలును, బండల నేలయు గల మన ఇండ్లలో తారధ్వనులు కూడ మారుమ్రోగును. కిటికీలకు దళసరి తెరలు, నేలపై జంబుఖానా, గోడ ప్రక్క పుస్తకముల బీరువా ఆ మ్రోతను చాలవరకు తగ్గించును. మంద్రస్వరమునకు మాత్రము తెరలు లొంగవు. పెట్టె స్థలము మార్చుటయే మందు.

స్థలమును కనుగొను సులభోపాయ మొకటి కలదు. సబ్ వూఫరును మీరు కూర్చుండు కుర్చీయందే పెట్టి, మంద్రస్వరములు స్పష్టముగ గల పాట నొకదానిని మరల మరల మ్రోగించుచు, మీరు నేలపై మోకాళ్లమీద గోడల వెంబడి నెమ్మదిగా పోవలెను. ఎచట ప్రతి స్వరమును సమముగ వినబడునో అచట పెట్టెను పెట్టి, మీరు కుర్చీకి పోవలెను. పిల్లలు నవ్వుదురు, నవ్వనిండు. పిమ్మట విభజన మరను 80 కంపనములయొద్ద నిలుపవలెను. అంతకు క్రింది ధ్వని యే దిక్కునుండి వచ్చుచున్నదో చెవి గుర్తింపలేదు. కావున పాట రెండు స్పీకర్లనుండియే వచ్చుచున్నట్లుండును. స్పీకర్లు మరీ చిన్నవైనచో 100 లేక 120 వరకు పెంచవచ్చును. తుదకు ధ్వని మరను పూర్తిగ తగ్గించి, కొంచెము కొంచెముగ పెంచుచు, సబ్ వూఫరు ఉన్నదని తెలియుటకు ముందే ఆపవలెను. అది మ్రోగునపుడు దాని యునికి తెలియరాదు. ఆపినపుడు లోటు తెలియవలెను. ఇదియే సరియైన కొలత. ఎడతెగని గుయ్యిమను శబ్దము వచ్చుచున్నచో, ఎర్తు తీగను తెలిసినవానిచేత పరీక్షింపజేయుడు. మూడవ మొలను విరిచి వాడుకొనుట ప్రాణాపాయకరము.

యంత్ర మెంత మంచిదైనను ముద్రణమున లేని ధ్వనిని పుట్టింపజాలదు. 1902లో గైస్ బర్గు అను నింజనీరు కలకత్తాకు వచ్చి మన దేశపు గాయకుల పాటలను గ్రామఫోను పలకలపై ముద్రించెను. అప్పుడు గాయకులు ఒక కొమ్ము బూరలోనికి పాడవలసియుండెను. మంద్రస్వరములు పలకపై పడనే లేదు. 1925లో విద్యుత్తుతో ముద్రించు పద్ధతి వచ్చిన పిదప గాని అవి పలకను చేరలేదు. 1931లో ఇంగ్లండున అలన్ బ్లుమ్ లీన్ రెండు మార్గముల స్టీరియోకు పేటెంటు కోరుచు దరఖాస్తు పెట్టెను. 1957 నాటి మాయాబజారు వంటి చిత్రముల పాటలు ఒకే మార్గమున ముద్రితమైనవి. వాని మాధుర్యము కంఠమునందును, స్వరకల్పనయందును కలదు. సబ్ వూఫరును పెంచి వానిని సవరింప జూచుట పాత పటమునకు క్రొత్త రంగు పూయుటయే.

1982లో వచ్చిన కాంపాక్టు డిస్కు సెకనునకు 44,100 మారులు ధ్వనిని కొలిచి వ్రాయును. సెకనునకు ఇంచుమించు 1,411 కిలోబిట్లు దాని పరిమాణము. పెన్ డ్రైవులలో నింపి యిచ్చు ఎం.పి.3 పాటలు పలుమారు 128 కిలోబిట్లవే. అనగా పదునొకటవ వంతు. చెవి గమనింపదనుకొన్న భాగమును విడిచి మడిచిన మూటలవి. ఆ మూటను మరల విప్పి మరల మడిచినచో తాళముల శబ్దము ఇసుక రాలినట్లగును. మరియు నేటి ముద్రణములలో కొన్నిటియందు మెల్లని భాగములను గూడ గట్టిగా నొత్తి, పాటనంతయు నొకే ఎత్తున నిలుపుదురు. అట్టివి మొదట ఆకర్షించును గాని అరగంటలో చెవిని అలయించును. గుసగుసకును గర్జనకును భేద మున్నదే మంచి ముద్రణము.

ఉదాహరణములు కొన్ని చెప్పెదము. 1992లో అమెరికాలోని శాంటా బార్బరా పట్టణమున, క్రీస్తురాజు ప్రార్థనాలయమునందు, మన విశ్వమోహన్ భట్టు గారును రై కూడరును కలిసి వాయించిన "ఎ మీటింగ్ బై ది రివర్" అను సంపుటము, బ్లుమ్ లీన్ పద్ధతి ప్రకారము జంట మైక్రోఫోనులతో ముద్రింపబడి, 1994లో గ్రామీ బహుమానము నందెను. కన్నులు మూసి వినిన, ఆ మందిరపు గోడలు ఎంత దూరమున నున్నవో తెలియును. 1992 నాటి రోజా చిత్రమున ఏ. ఆర్. రహమాను గారి సంగీతమందు మంద్రస్వరము శుభ్రముగ, వేరువేరుగ వినబడును. మంచి ముద్రణమున మృదంగపు ఎడమ మూత గుమికిని కుడి మూత నాదమునకును గల భేదమును పరీక్షింపుడు. ఎడమ మూతకు రవ్వముద్ద అంటించుటచే అది మంద్రమగును. కుడి మూతపై నల్లని కరణి యుండుటచే దాని ఉపస్వరములు శ్రుతిలో నిలుచునని చంద్రశేఖర వేంకట రామను గారు 1920లోను 1934లోను ప్రకటించిన వ్యాసములలో వివరించిరి. ఏ పెట్టె ఈ రెంటిని ఒకే "దబ్బు"గా వినిపించునో దానిని కొనవద్దు. మన ఒగ్గుకథకుల డోలును, డప్పును ఎదుట వినిన చెవి మీకున్నది; దుకాణములో ఆ చెవినే న్యాయాధిపతిగ నియమింపుడు. మీ రెరిగిన పాటను మీరే తీసికొనిపోయి వినుడు.

ఇచట గంభీరమైన మాట యొకటి. మన ప్రాంతపు బొగ్గుగనులలో పేలుడు జరిగినపుడు దూరపు ఇండ్లలో సైతము అలమారలోని గిన్నెలు కదలును. మంద్రధ్వనికి గోడలు అడ్డు కావు. మీ వినోదము పొరుగింటి పసిబిడ్డకును, రోగికిని, పరీక్షకు చదువు బాలునికిని నిద్రాభంగము కారాదు. 2000వ సంవత్సరపు ధ్వని కాలుష్య నియమముల ప్రకారము నివాసస్థలములలో పగలు 55, రాత్రి పది గంటలనుండి ఉదయ మారు గంటలవరకు 45 డెసిబెళ్లు హద్దు. పెండ్లి ఊరేగింపులలో డీజే పెట్టెల ముందర నృత్యము చేసి వచ్చిన బాలురు మరునాడు తరగతిలో "ఏమన్నరు సార్?" అని రెండుమారు లడుగుట మేము చూచుచున్నాము. 80 డెసిబెళ్ల ధ్వనిని వారమునకు 40 గంటలు వినవచ్చునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. 90 అయినచో నాలుగు గంటలే. చెవిలోని సూక్ష్మరోమకణములు చచ్చిన మరల మొలవవు. పెట్టెను మార్చవచ్చును గాని చెవిని మార్చలేము.

1933లో ఫ్లెచరు, మన్ సను అను శాస్త్రజ్ఞులు చూపినట్లు, మెల్లగా వినునపుడు చెవికి మంద్రస్వరములే ముందుగా లోపించును. కావున మంచి సబ్ వూఫరు గట్టిగా వినుటకు గాదు, మెల్లగా వినునపుడును పాట నిండుగ నుండుటకు సాధనమని మా యభిప్రాయము.

సెలవులు ముగియక ముందొక ఆదివారము సాయంకాలమున మే మా విద్యార్థి ఇంటికి పోతిమి. పెట్టెను మూలనుండి మూడడుగు లీవలికి జరిపి, విభజన మరను 80కి తెచ్చి, ధ్వనిని సగమునకంటె తగ్గించితిమి. పెన్ డ్రైవును ప్రక్కన బెట్టి, ఆ ఇంటి పాత డిస్కులలోని కీర్తన నొకదానిని మ్రోగించితిమి. ఏలీయా ప్రవక్త భూకంపమునందు గాక సన్నని స్వరమునందే తన దేవుని గుర్తించెనని పిల్లలకు బోధించు మాకు, ఈ పాఠము నేర్చుకొనుట కింత కాలము పట్టెను. పాట సగమైనపుడు ఆ తల్లి కూడ పాడసాగెను. కుమారుడు మరను ముట్టబోగా, ఆమె చేయి యెత్తి వలదనెను.