పాము విషం మీద పీహెచ్‌డీ: భాగహారం దగ్గరే మొదలు

రక్తపింజర ఒక్క కాటుతో సగటున 63 మిల్లీగ్రాముల విషం దించుతుందని లెక్క. మన ఆస్పత్రుల్లో ఇచ్చే యాంటీ స్నేక్ వెనమ్ ఒక్కో మిల్లీలీటరు 0.6 మిల్లీగ్రాముల రక్తపింజర విషాన్ని విరవాలన్నది ప్రమాణం. అంటే 10 మిల్లీలీటర్ల వయల్ 6 మిల్లీగ్రాములకు సరిపోతుంది. చికిత్స 8 నుంచి 10 వయల్స్‌తో మొదలుపెట్టడం వెనక ఉన్నది ఈ భాగహారమే.

లెక్క సరే, ఆ విషం ఏ ఊరి పాముది? మందు తయారీకి వాడే విషంలో అధికభాగం చెన్నై శివార్లలో 1978లో పుట్టిన, పాములు పట్టే ఇరుళర్ గిరిజనుల సహకార సంఘానిదే. దాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకెక్కించి, వాటి రక్తంలోంచి యాంటీబాడీలు తీస్తారు. జాతి ఒకటే అయినా ప్రాంతం మారితే విషం కూర్పు మారుతుందనీ, ఒకచోటి విషంతో చేసిన మందు మరోచోట బలం చూపకపోవచ్చనీ బెంగళూరు ఐఐఎస్‌సీ పరిశోధకులు చూపించారు. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటు చావులు సుమారు 12 లక్షలు. వాటిలో 70 శాతం దాకా 8 రాష్ట్రాల్లోనే. తెలంగాణను కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. మన చేలగట్ల పాముల విషాన్ని జిల్లాలవారీగా పరీక్షించడమే ఒక థీసిస్‌కు సరిపడా పని.

ఆ పని ఎలా ఉంటుందంటే, గాజుపాత్ర మూతికి బిగించిన పల్చటి పొరను పాముతో కరిపిస్తారు. కారిన చుక్కలను గడ్డకట్టించి, ఆరబెట్టి పొడి చేస్తారు. దాన్ని క్రొమటోగ్రఫీలో విడగొడతారు, ట్రిప్సిన్‌తో ముక్కలు చేస్తారు, మాస్ స్పెక్ట్రోమీటర్‌లో తూకం వేస్తారు. అసలు తిప్పలు ఆ తర్వాతే. పోల్చి చూడటానికి ఆ పాము జన్యుక్రమం డేటాబేస్‌లో లేకపోతే, యంత్రం తూచినదాంట్లో చాలా ప్రొటీన్లు పేరు లేకుండానే మిగిలిపోతాయి. 2020లో నాగుపాము జీనోమ్ వెలువడటం అందుకే పెద్ద కబురు. విషగ్రంథిలో పనిచేసే జన్యువుల్లో 139 విషానివి, అందులో 19 మాత్రం విషగ్రంథికే ప్రత్యేకమైనవని తేలింది. గుర్రం అక్కర్లేని మందుకు గురి దొరికినట్టే. 2024లో ఐఐఎస్‌సీ, అమెరికాలోని స్క్రిప్స్ సంస్థ కలిసి తయారుచేసిన యాంటీబాడీ నాగు, కట్ల, మాంబాలలోని ఒక నాడీవిషం నుంచి ఎలుకలను కాపాడింది. పింజరల మీద అది పనిచేయదు. కొత్తగా చేరేవారికి నా ఓటు పింజరలకే.

డబ్బు సంగతికొస్తే, సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపైన 42,000. ఇంటి అద్దె భత్యం అదనం. ఠంచనుగా పడుతుందని మాత్రం లెక్కవేసుకోవద్దు. బయోకెమిస్ట్రీ, జువాలజీ వాళ్లకే కాదు, కెమిస్ట్రీ, కంప్యూటర్ తెలిసినవాళ్లకూ ఇక్కడ చోటుంది. పామును పట్టాలన్నా, విషం తీయాలన్నా వన్యప్రాణి చట్టం కింద అటవీశాఖ అనుమతి ఉండాలి. అది చేతికి రావడానికి నెలలు పట్టొచ్చు. కాబట్టి గైడ్ దగ్గర ఆ కాగితం ఉందో లేదో చేరకముందే అడగండి.