యౌవనారంభం: తెలుగు వాడుక, శరీరధర్మం, కౌమార సందేహాలు

వ్యాససంగ్రహం: తెలుగు వాడుకలో ఆడపిల్ల 'పెద్దమనిషి కావడం' తేదీ, తిథి చెప్పగలిగిన ఒక సంఘటన. శరీరధర్మశాస్త్రం దృష్టిలో అది కొన్నేళ్లపాటు సాగే పరిణామంలో ఆలస్యంగా వచ్చే ఒక ఘట్టం. ఎదుగుదల విషయమై పిల్లలలోనూ పెద్దలలోనూ కలిగే అనేక సందేహాలకు ఈ అంతరం ఎలా కారణమవుతున్నదో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: యౌవనారంభం, రజోదర్శనం, టానర్ దశలు, కౌమారం, ధాతునష్టం.

1. వాడుక మాటలు

రజస్వల కావడం, పుష్పవతి కావడం, ఈడేరడం, సమర్తాడడం, పెద్దమనిషి కావడం – ఇన్ని మాటలున్నా అవి చెప్పేది ఒక్క విషయాన్నే: తొలి ఋతుస్రావం. అంతకుముందు రెండు మూడేళ్లుగా ఆ పిల్ల శరీరంలో జరుగుతూ వచ్చిన మార్పుకు వాడుకలో ప్రత్యేకమైన పేరు లేదు. మగపిల్లల విషయంలో ఆ మాత్రం పదసంపద కూడా కనిపించదు. 'నూనూగు మీసాల వయసు' అన్న వర్ణన ఉన్నది గాని, మార్పు మొదలైందని చెప్పే క్రియ లేదు. కోస్తా జిల్లాలలో జరిపే పంచెల వేడుక శరీరంలోని ఏ మార్పునూ ఆధారం చేసుకోదు. బంధువుల వీలును బట్టి, కొన్నిసార్లు అక్క ఓణీల వేడుకతో కలిపి జరుగుతుంది.

దీని ఫలితం ఇద్దరికీ ఇబ్బందికరమే. ఆడపిల్ల శరీరంలోని మార్పు ఆహ్వానపత్రికల ద్వారా, ఫ్లెక్సీల ద్వారా ఊరందరికీ తెలుస్తుంది. ఆమె ఇష్టాన్ని అడిగేవారు అరుదు. మగపిల్లవాడికి తన మార్పును చెప్పుకోవడానికి మాటే దొరకదు. సహజ పరిణామానికి పేరు లేని చోట జబ్బుకు మాత్రం పేరున్నది: 'ధాతునష్టం'. నిద్రలో జరిగే స్ఖలనం ఈ వయసులో సాధారణం. దానివల్ల బలహీనత రాదు. అయినా గోడల మీది ప్రకటనలు దానిని రోగంగానే చూపుతున్నాయి. ఈ భయంతో వచ్చేవారిలో కనిపించే నీరసాన్ని, ఆందోళనను మనోవైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లో 'ధాత్ సిండ్రోమ్' అని పేర్కొన్నాడు.

2. శరీరంలో జరిగే క్రమం

మెదడులోని హైపోథాలమస్ నుంచి ఒక ప్రేరక హార్మోన్, మొదట ముఖ్యంగా రాత్రి నిద్రలో, విడతలు విడతలుగా వెలువడడంతో ఈ పరిణామం మొదలవుతుంది. దానికి పిట్యూటరీ గ్రంథి స్పందించి అండాశయాలను లేదా వృషణాలను ప్రేరేపిస్తుంది. బయటికి కనిపించే మార్పులను ఐదు దశలుగా వివరిస్తూ బ్రిటన్‌కు చెందిన మార్షల్, టానర్‌లు 1969లో ఆడపిల్లలపై, 1970లో మగపిల్లలపై అధ్యయనాలను ప్రచురించారు. ఆ పిల్లలు ఒకే బాలల గృహంలో పెరిగినవారు గనుక అక్కడి సగటు వయసులను తెలుగు పిల్లలకు యథాతథంగా అన్వయించడం సరికాదు. వైద్యులు నేటికీ వాడుతున్నది ఆ దశల వర్గీకరణను.

ఆడపిల్లలలో సాధారణంగా మొదటి గుర్తు రొమ్ము మొగ్గ తొడగడం. ఇది 8 నుంచి 13 ఏళ్ల మధ్య ఎప్పుడు మొదలైనా సహజమే. తరువాత ఎత్తు వేగంగా పెరుగుతుంది. ఆ వేగం తగ్గుముఖం పట్టాక, మొదటి గుర్తు కనిపించిన సుమారు రెండు, రెండున్నరేళ్లకు, రజోదర్శనం అవుతుంది. ఆపైన పెరిగే ఎత్తు చాలామందిలో 5 నుంచి 7 సెంటీమీటర్లే. రజస్వల అయినప్పుడు పెట్టే చిమ్మిలి, మినపసున్ని మంచి ఆహారమే. కానీ పోషకాహారం అత్యధికంగా కావలసిన కాలం అప్పటికే చాలావరకు గడిచిపోయి ఉంటుంది.

రజోదర్శనంతో ఎదుగుదల పూర్తయిందని అనడానికీ వీలులేదు. కటివలయం ఆ తరువాత కూడా పెరుగుతూనే ఉంటుంది. 'ఈడేరింది' అన్న మాటను 'పెళ్లీడు వచ్చింది' అని అర్థం చేసుకోవడంలోని ప్రమాదం ఇదే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 20–24 ఏళ్ల స్త్రీలలో 18 ఏళ్లు నిండకముందే వివాహమైనవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం.

మగపిల్లలలో ఆరంభం 9 నుంచి 14 ఏళ్ల మధ్య. మొదటి గుర్తు వృషణాల పరిమాణం పెరగడం. అది ఇతరులకు కనిపించదు. ఎత్తు పెరిగే వేగం ఆడపిల్లల కన్నా సుమారు రెండేళ్లు ఆలస్యంగా వస్తుంది. ఏడవ తరగతి గ్రూపు ఫోటోలో అమ్మాయిలు పొడుగ్గా కనిపించడానికి కారణం ఇదే. లోకం చూసే మీసం చివరి గుర్తులలో ఒకటి.

3. సందేహాలు, వాటి హద్దులు

మగపిల్లలను ఎక్కువగా కుంగదీసేదీ, వారు ఎవరికీ చెప్పుకోలేనిదీ రొమ్ము వాపు. చొక్కా విప్పవలసివస్తుందని ఈతకు వెళ్లడం మానేసే పిల్లవాడికి, తోటివారిలో దాదాపు సగం మందికి ఏదో ఒక మేరకు ఇదే మార్పు వస్తుందని తెలియదు. హార్మోన్ల సమతౌల్యం తాత్కాలికంగా మారడమే కారణం. చాలామందిలో రెండేళ్లలోపు తగ్గిపోతుంది. ఆడపిల్లలలో ఒక వైపు రొమ్ము ముందుగా పెరగడం, తొలి రెండు మూడేళ్లు ఋతుక్రమం నిలకడగా లేకపోవడం కూడా సాధారణమే.

ఆలస్యపు ఎదుగుదల చాలావరకు వంశానుగతం. 'మీ నాన్న కూడా ఇంటర్‌లోనే పొడుగయ్యాడు' అని నాయనమ్మ అనే మాట వైద్యునికి పనికివచ్చే సమాచారం. అవసరమైతే చేతి ఎక్స్‌రేతో ఎముకల వయసును అంచనా వేస్తారు. ఎత్తు పెంచుతామనే పొడుల కోసం పెట్టే ఖర్చు వృథా.

అయితే ప్రతి తేడానూ 'అదే సర్దుకుంటుంది' అని కొట్టిపారేయరాదు. ఆడపిల్లలలో 8 ఏళ్లలోపు, మగపిల్లలలో 9 ఏళ్లలోపు గుర్తులు కనిపించినా, వరుసగా 13, 14 ఏళ్లు నిండినా మొదలుకాకపోయినా, 15 ఏళ్లకూ రజస్వల కాకపోయినా పిల్లల వైద్యునికి చూపించాలి. రక్తస్రావం మరీ ఎక్కువగా ఉన్నప్పుడు వయసుతో నిమిత్తం లేదు.

4. చెప్పవలసిన కాలం, చెప్పవలసినవారు

ఎనిమిదవ తరగతిలో కౌమార పాఠం వచ్చేసరికి విద్యార్థులకు పదమూడేళ్లు. తరగతిలోని చాలామంది అమ్మాయిలకు అది అప్పటికే జరిగిపోయిన విషయం. మార్పు ఎనిమిదేళ్లకే మొదలుకావచ్చు గనుక మొదటి మాట మూడు, నాలుగు తరగతుల వయసులో ఇంట్లోనే పడాలి. రజస్వల వేడుకలో మేనమామకు, మేనత్తకు నిర్దిష్టమైన పాత్రలున్నాయి. మగపిల్లవాడి సందేహాన్ని వినవలసిన బంధువెవరో ఏ ఆచారమూ నిర్ణయించలేదు. తండ్రి గాని బాబాయి గాని ఆ పని చేయని ఇంట్లో, 'ఇది ఇంటి దగ్గర చదువుకోండి' అని ఉపాధ్యాయుడు దాటవేసిన ఆ ఒక్క పాఠమే వాడికి దొరికే ఆధారం.