టీవీ కొంటున్నారా? వెనక్కి తిప్పి చూడండి!

పత్తి, మిర్చి డబ్బులు చేతికొచ్చే రోజుల్లో మా టేకులపల్లి మండలంలో చాలా ఇళ్ళలో ఒక వాదన మొదలవుతుంది. టీవీ కొనాలి, సరే. ఏ కంపెనీది? నాన్న ఒక పేరు చెబుతారు. బాబాయి ఇంకో పేరు చెబుతాడు. కొత్తగూడెం షాపులో కుర్రాడు మూడో పేరు చెబుతాడు. పిల్లలూ! ఈ వాదనలో మీరు కూడా మాట్లాడాలి. ఎందుకంటే టీవీ వెనుక అంటించిన చీటీ చదివి అర్థం చెప్పగలిగేది చాలా ఇళ్ళలో మీరే.

ముందు ఒక ప్రశ్న. టీవీ మీద ఉన్న పేరు ఎవరిది? తయారు చేసినవాళ్ళదే అంటారు మీరు. ఒకప్పుడు చాలావరకు అంతే. హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 'ఇ.సి.' పేరుతో టీవీలు తానే తయారుచేసి అమ్మింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు 'సైట్' అనే ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా కార్యక్రమాలు అందించారు. ఆ గ్రామాల్లో పెట్టిన సెట్లు కూడా ఇ.సి.ఐ.ఎల్. చేసినవే.

ఇప్పుడు సంగతి వేరు. కోడక్ అంటే కెమెరా ఫిలింకు పేరుపడ్డ అమెరికా కంపెనీ. థామ్సన్ ఫ్రాన్సు పేరు, బ్లౌపుంక్ట్ జర్మనీ పేరు. మన దేశంలో ఈ మూడు పేర్లతోనూ టీవీలు చేసి అమ్మింది మాత్రం ఒకే భారతీయ కంపెనీ, సూపర్ ప్లాస్ట్రానిక్స్. అంటే పేరును అద్దెకు తెచ్చుకున్నారన్నమాట! ఇది మోసం కాదు, లైసెన్సు పద్ధతి. ఇక తిరుపతిలో డిక్సన్ అనే కంపెనీకి ఒక ఫ్యాక్టరీ ఉంది. అక్కడ ఇతర కంపెనీల కోసం టీవీలు తయారవుతాయి. 2018లో షావోమీ తన టీవీల తయారీని అప్పగించింది ఈ ఫ్యాక్టరీకే.

టీవీలో అన్నిటికన్నా ఖరీదైన భాగం తెర, అంటే ప్యానెల్. పెద్ద ప్యానెళ్ళు చేసే కంపెనీలు ప్రపంచం మొత్తం మీద కొద్దే. చైనాలో బీఓఈ, సీఎస్ఓటీ, తైవాన్‌లో ఏయూఓ, ఇన్నోలక్స్ అలాంటివి. సామ్‌సంగ్ అంతటిది కూడా 2022లో ఎల్.సి.డి. ప్యానెళ్ళ తయారీ మానేసింది. అలాగని అన్ని టీవీలూ ఒకటే అనుకోకండి. ఎలాంటి ప్యానెల్ ఎంచుకున్నారు, దాని వెనుక దీపాలు ఎలాంటివి, చెడిపోతే ఎవరొస్తారు అన్నవి కంపెనీని బట్టి మారతాయి.

ఇప్పుడొక ప్రయోగం చేద్దాం. తెల్లకాగితం మీద 1 మిల్లీమీటరు ఎడంతో రెండు సన్నని నల్లచుక్కలు పెట్టండి. గోడకు అంటించి, వాటినే చూస్తూ వెనక్కి నడవండి. మూడు, మూడున్నర మీటర్లు వెళ్ళేసరికి రెండు చుక్కలూ ఒకటైపోతాయి. ఒక డిగ్రీలో 60వ వంతు కన్నా చిన్న కోణాన్ని మామూలు కన్ను విడదీసి చూడలేదు.

దీన్ని టీవీకి అన్వయించండి. 43 అంగుళాలంటే తెరను ఐమూలగా కొలిచిన కొలత. వెడల్పు సుమారు 95 సెంటీమీటర్లు. ఫుల్ హెచ్.డి.లో ఆ వెడల్పున 1,920 చుక్కలుంటాయి, అంటే ఒక్కోటి అర మిల్లీమీటరు. సుమారు 1.7 మీటర్లు దాటితే ఆ చుక్కలు విడివిడిగా కనబడవు. 4కె టీవీలో 3,840 చుక్కలు. అవి 85 సెంటీమీటర్లు దాటితేనే కలిసిపోతాయి. మీ మంచం టీవీకి రెండున్నర మీటర్ల దూరంలో ఉందనుకోండి. చుక్కల లెక్కలో రెండు టీవీలకూ తేడా మీ కంటికి తెలియదు! షాపులో మాత్రం రెండడుగుల దూరంలో నిలబెట్టి చూపిస్తారు. మీరు ఇంటి దగ్గర టేపుతో దూరం కొలుచుకుని వెళ్ళండి, షాపులోనూ అంతే దూరం జరిగి చూడండి.

తర్వాత టీవీని వెనక్కి తిప్పించండి. చీటీ మీద వోల్టేజి ఎంత రాసి ఉందో చూడండి. '100–240' అని ఉంటే మంచిది. లోపలి పవర్ సప్లయి కరెంటును సెకనుకు వేల సార్లు ఆన్, ఆఫ్ చేస్తుంది. వోల్టేజి తగ్గినప్పుడు ఆన్‌లో ఉంచే కాలాన్ని పెంచి సర్దుకుంటుంది. పొలాల్లో మోటార్లన్నీ నడిచే వేళ బల్బు మసకబారినా ఆ టీవీకి ఫరవాలేదు. పిడుగుకు మాత్రం ఏ కంపెనీ టీవీ అయినా ఒకటే. మబ్బు పట్టగానే ప్లగ్గుతో పాటు డిష్ తీగ కూడా పీకేయాలి. మా అడవి అంచు ఊళ్ళలో వేసవి చివర ఇది మరీ ముఖ్యం.

చివరగా షాపులో అడగాల్సిన మాట, నా లెక్కలో పేరుకన్నా ముఖ్యమైనది. "చెడిపోతే టేకులపల్లికి మెకానిక్ వస్తాడా, మేమే టీవీని మోసుకుని రావాలా?" ప్యానెల్‌కు గ్యారంటీ ఎన్నేళ్ళో కూడా విడిగా అడిగి, బిల్లు మీద రాయించండి. మా వీధిలో ఒకరి టీవీ తెర మీద రెండేళ్ళకే నిలువు గీత పడింది. గ్యారంటీ ఏడాదే. కొత్త ప్యానెల్‌కు టీవీ ధరలో ముప్పాతిక అవుతుందన్నారు. వాళ్ళు ఇప్పటికీ ఆ గీతతోనే వార్తలు చూస్తున్నారు.