మిరప కల్లమును, వర్గ ప్రమేయమును

విద్యార్థులారా! వర్గ సమీకరణ సూత్రమును మీలో ననేకులు తప్పులేక యొప్పగింతురు. కాని అది దేనిని గూర్చి చెప్పుచున్నదని మేమడిగినంతనే తరగతి యంతయు నిశ్శబ్దమగును. ఆ లోపము మీది గాదు; సూత్రమును ముందును, ప్రయోజనమును వెనుకను చెప్పిన మాది. కావున నేడు కల్లమునుండియే యారంభింతము.

గుంటూరు, ఒంగోలు ప్రాంతములలో మిరపకాయను పలుచగా పఱచి యెండింతురు. చోటు చాలక గుట్టగా నుంచినయెడల తేమ నిలిచి బూజు పట్టును, రంగు చెడును, ధర తగ్గును. ఒక రైతునొద్ద 40 గజముల దడి మాత్రమే కలదనుకొనుడు. ఒక ప్రక్క గోడ యున్నది. తక్కిన మూడు ప్రక్కల దడి కట్టి, మేకలు రాకుండ దీర్ఘచతురస్రమైన కల్లము నేర్పఱచుకొనవలెను. ఎట్లు కట్టిన నెక్కువ చోటు దొరకును?

మన పూర్వులు తెలియని రాశిని యావత్తావత్తని పిలిచి, 'యా' యని వ్రాసిరి. మనమును వెడల్పును 'యా' గజములందము. అప్పుడు పొడవు 40 − 2యా. వైశాల్యము 40యా − 2యా². యా యొక్క వర్గమే యిందు హెచ్చు ఘాతము గనుక దీనిని వర్గ ప్రమేయమందురు.

వెడల్పు 5 అయిన వైశాల్యము 150 చదరపు గజములు. 8 అయిన 192. 10 అయిన 200. 12 అయిన మరల 192. 15 అయిన 150. వెడల్పు 0 అయినను, 20 అయినను వైశాల్యము సున్న. ఈ బిందువులను గ్రాఫు కాగితముపై గుర్తించి, స్కేలు పెట్టక చేతితో మెల్లగా కలుపుడు. బోర్లించిన గిన్నెవంటి వక్రరేఖ యేర్పడును. ఇదియే పరావలయము. 10 కడ నిలువుగా మడచితిరేని రెండు సగములు నొకదానిపై నొకటి సరిగా పడును.

కారణ మేమి? 40యా − 2యా² అనునది 200 − 2(యా − 10)² కు సమానము. వర్గ మెన్నడును ఋణము గాదు; కావున 200 నుండి తీసివేతయే గాని కూడిక లేదు. యా 10 అయిననే ఆ తీసివేత సున్న. 10 గజముల వెడల్పు, 20 గజముల పొడవు శ్రేష్ఠము. వెడల్పు 5 గజములే యుంచిన రైతు, అంతే దడితో 50 చదరపు గజముల చోటు పోగొట్టుకొనును.

ఇక మూలముల సంగతి. 150 ఎత్తున నొక అడ్డుగీత గీయుడు; అది వక్రమును 5, 15 కడ ఖండించును. ఇవి రెండు మూలములు. 200 ఎత్తు గీత శీర్షమును మాత్రమే తాకును, మూలములు సమానములు. 250 ఎత్తు గీత తాకనే తాకదు; వాస్తవ మూలములు లేవు. విచక్షణి ఋణమనుట కిదియే యర్థము.

గాలి యడ్డు లేనియెడల విసరిన రాయియు పరావలయమార్గముననే పోవునని గెలీలియో 1638లో వెలువడిన గ్రంథమున చూపెను. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పావులూరి మల్లన పూర్వమే తెనిగించెను. కావున గణితము మనకు పరాయి విద్య గాదు.

దడి 60 గజములైన నేమగునో మీరే గ్రాఫు గీచి, ఇంటి పెద్దలకు చూపుడు. వారు మెచ్చినచో మా శ్రమ ఫలించినట్లే.