పూవును మోయు కాడ

ఐరిస్ తోటలో అడుగిడిన వాని చూపు ముందుగా పూవుమీదనే నిలుచును. పైకి లేచిన మూడు దళములను, క్రిందికి వ్రాలిన మూడింటిని, వానిపై మొలచిన మెత్తని గడ్డమును చూచి యతడు మురియును. రెండు మొక్కలను కలిపి క్రొత్త రకములను పుట్టించు సంకరకారుని చూపు మాత్రము కాడపై నుండును. ఒక్కొక్క పూవు రెండు మూడు దినములకే వాడిపోవును గనుక, కాడపై మొగ్గలెంత యెక్కువయో తోటకంత యెక్కువ దినముల శోభ. ఆ మొగ్గలన్నియు కొననే గుమికూడినచో పూవులొకదానినొకటి నలుపుకొనును. కాడ బలహీనమైనచో ఒక్క వానజల్లునకే నేలకొరగును.

పూర్వము ఐరోపా తోటలను ఏలినవి ముఖ్యముగా ఐరిస్ పాలిడా, ఐరిస్ వేరీగాటా అను రెండు జాతులును, వాని సంతానమును. అవి సొగసైనవే, కాని నేటి పూవుల పరిమాణమును, నేటి కాడల విస్తారమును వానికి లేకుండెను. కేంబ్రిడ్జిలో శరీరధర్మశాస్త్రాచార్యుడైన మైకేల్ ఫాస్టరు, తూర్పు దేశములందలి క్రైస్తవ ప్రచారకులకు జాబులు వ్రాసి దుంపలు తెప్పించుకొనుచుండగా, టర్కీలోని అమాస్యా పట్టణమునుండి వచ్చిన 'అమాస్' వంటి మహాకాయములు ఆయన తోటలో పూచెను. 1907లో మరణించువరకు ఆయన వానిని పాత జాతులతో కలుపుచునే యుండెను.

ఆ కలయిక సులభము కాదు. కారణము తరువాత సూక్ష్మదర్శినిలో తేలెను: పాత జాతులకు క్రోమోజోములు 24, తూర్పు జాతులకు 48. రెండింటి సంతానమునకు సామాన్యముగా 36 వచ్చి, అది చాలవరకు గొడ్డుబోవును. అయితే ఎప్పుడైన నొకప్పుడు పాత జాతి యండకణము, సగమునకు విభజింపబడక, తన 24నూ నిలుపుకొనినచో, 48 గల ఫలవంతమైన మొక్క పుట్టును. నేటి ఐరిస్ వంశమునకు మూలము ఈ యరుదైన పొరపాటే యనుట నాకు మిక్కిలి ఆశ్చర్యకరము.

సంకరకారుని చేతిలోని పరికరము చిన్న పటకారు మాత్రమే. దానితో నొక పూవు పుప్పొడి తీసి, వేరొక పూవు కీలాగ్రపు పెదవిపై రాయును. కాయ ముదురుటకు రెండు మాసములు, విత్తనము మొలచి పూచుటకు మరి రెండు మూడేండ్లు పట్టును.

తూర్పు రక్తము పొడవైన కాడతోబాటు చలికి తాళలేని స్వభావమును గూడ తెచ్చెను. కాలిఫోర్నియాలో సంకరకారుడు విలియం మోర్ 1923లో గతించిన పిమ్మట, ఆయన పెంచిన మొక్కలనుండి సిడ్నీ మిచెల్ 1927లో వెలువరించిన తెల్లని 'ప్యూరిస్సిమా' ఎత్తైన కాడతో మనోహరమై యుండియు శీతల ప్రదేశములందు మనలేకపోయెను. ఆ 'ప్యూరిస్సిమా'కే క్లారా రీస్ పెంపకమున పుట్టిన 'స్నో ఫ్లరీ' 1939లో లోకమునకు వచ్చి, అలలవంటి దళాంచలములతో అసంఖ్యాక సంతానమునకు మూలమయ్యెను.

నేటికిని వాన వెలిసిన ఉదయమున సంకరకారుడు నారుమడిలోనికి పోయి, ఎంతటి యపురూపమైన వర్ణము గలదైనను ఒరిగిన మొక్కను పెకలించి, కొమ్మలు తగినంత యెడముగా సాచి నిటారుగా నిలిచినదాని ప్రక్కన గుర్తుకొయ్య పాతును.