ఎలుక గుళికను అందుకుంది... మరి చెయ్యి బాగైనట్టేనా?

అన్నం ముద్ద నోట్లో పెట్టుకోవడానికి మనం ప్రత్యేకంగా ఆలోచించం. కానీ అందులో చాలా పనులున్నాయి. చెయ్యి కంచం దాకా చాచాలి, అరచెయ్యి కిందికి తిరగాలి, వేళ్లు తెరుచుకుని మళ్లీ దగ్గరకు రావాలి, ఆ తర్వాత అరచెయ్యి నోటివైపు తిరగాలి. పక్షవాతం వచ్చినవారిలో ఈ వరుస ఎక్కడో ఒకచోట దెబ్బతింటుంది. ఎక్కడ, ఎందుకు అన్నది తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలకు బాగా అక్కరకొచ్చిన జంతువు ఎలుక.

ఇలాంటి సున్నితమైన కదలికల కోసం మెదడు పంపే ఆదేశాలు ముఖ్యంగా కార్టికోస్పైనల్ మార్గం గుండా వెళ్తాయి. మెదడు పైపొరలో మొదలైన నాడీ తంతువులు మెదడు కాండం మీదుగా వెన్నుపాములోకి దిగుతాయి. కాండం అడుగున వాటిలో ఎక్కువ భాగం రెండో పక్కకు దాటుతాయి. అందుకే మెదడు ఎడమ భాగం దెబ్బతింటే కుడి చెయ్యి పట్టు తప్పుతుంది. ఎలుకల్లోనూ ఇంతే.

ఎలుక కూడా ముందుకాలితో తిండిని పట్టుకుని నోటికి అందించుకుంటుంది. కెనడాలోని లెత్‌బ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇయాన్ విషా బృందం ఈ అలవాటును ఏళ్ల తరబడి పరిశీలించింది. పరీక్ష తేలికైనదే. పారదర్శకమైన పెట్టెకు ఒక సన్నని నిలువు చీలిక, దాని బయట చిన్న అర, అరపై ఒక తీపి గుళిక. ఎలుక వాసనతో గుళిక ఎక్కడుందో పసిగట్టి, చీలికలోంచి ముందుకాలు చాచి దాన్ని అందుకోవాలి.

తంతువులు పక్క మారే చోటుకు కాస్త పైన, ఒక వైపు మార్గాన్ని తెంపితే ఏమవుతుంది? ఎలుక చదునైన నేల మీద దాదాపు మామూలుగానే నడుస్తుంది. కానీ గుళికను అందుకోవడంలో, గాయానికి ఎదురు పక్కనున్న ముందుకాలు తడబడుతుంది. కొన్ని రోజులు గడిచేసరికి చాలా ఎలుకలు మళ్లీ గుళికలు అందుకోగలుగుతాయి. లెక్క మాత్రమే చూస్తే ఎలుక కోలుకున్నట్టే.

అయితే వీడియోను నెమ్మదిగా, ఒక్కో ఫ్రేమూ ఆపి చూస్తే సంగతి వేరు. పంజాను గుళిక మీదికి బోర్లించడం, పట్టుకున్నాక నోటివైపు తిప్పడం అనే రెండు కదలికలూ సరిగా తిరిగి రావు. ఆ లోటును ఎలుక భుజాన్నీ, మొత్తం ఒంటినీ తిప్పి పూడ్చుకుంటుంది. అంటే అది పాత కదలికను తిరిగి పొందలేదు, కొత్త సర్దుబాటు నేర్చుకుంది.

చికిత్సల విషయంలో ఈ తేడా కీలకం. ఒక మందు తెగిన మార్గాన్ని బాగుచేసిందా, లేక ఎలుకే వేరే దారి వెతుక్కుందా అన్నది గుళికల లెక్క ఒక్కటే చెప్పలేదు. పక్షవాతం వచ్చిన మనుషులు కూడా చెయ్యి చాలినంత చాచలేక నడుము ముందుకు వంచి వస్తువును అందుకుంటారు.

నిజమైన కోలుకోవడం ఎలా ఉంటుందో జ్యూరిక్ శాస్త్రవేత్తలు 2014లో 'సైన్స్' పత్రికలో చూపించారు. వారు పక్షవాతం కలిగించిన ఎలుకలకు, నాడీ తంతువుల పెరుగుదలను ఆపే ప్రోటీన్‌ను అడ్డుకునే యాంటీబాడీ ఇచ్చారు. ఆ తర్వాత ముమ్మరంగా తర్ఫీదు ఇస్తే ముందుకాలి నైపుణ్యం దాదాపు పూర్తిగా తిరిగి వచ్చింది. తంతువులు ఇంకా పెరుగుతుండగానే తర్ఫీదు మొదలుపెడితే మాత్రం ఆ ఫలితం చెడిపోయింది, తంతువులు అస్తవ్యస్తంగా అల్లుకున్నాయి. మెదడులో దెబ్బతినని సగం నుంచి వచ్చిన కొన్ని తంతువులు వెన్నుపాములో పక్క మారి, బలహీనపడిన కాలికి ఆదేశాలు అందించాయని కూడా తేలింది.

ఎలుకలో తేలినదంతా మనిషికి అలాగే వర్తించదు. మనిషిలో ఈ తంతువుల్లో కొన్ని వేళ్లను కదిలించే నాడీకణాలను నేరుగా తాకుతాయి. ఎలుకలో ఎక్కువగా మధ్యవర్తి కణాల ద్వారానే పని జరుగుతుంది. అయినా ఒక పాఠం ఇద్దరికీ ఒకటే. వస్తువు చేతికి అందిందా అన్నదే కాదు, ఎలా అందిందన్నది కూడా చూడాలి.